అమ్మకి థైరాయిడ్ మాత్ర వేస్తూనే ఉన్నా టీఎస్‌హెచ్ దిగట్లేదు, పైగా డి విటమిను 8. ఏం చేయాలి?

కావలి_పెద్దకూతురు
అమ్మకి 72. కావలిలో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాదులో, తమ్ముడు బెంగళూరులో. సంక్రాంతికి పోయి చూస్తే ముఖం ఉబ్బరించి ఉంది, గొంతు బొంగురుపోయింది, పీట మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకుంటోంది. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇవేవీ తెలియలేదు. పరీక్షలు చేయిస్తే టీఎస్‌హెచ్ 18.6 (థైరాయిడ్ మందగిస్తే ఈ అంకె పెరుగుతుందంట), ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోను) తక్కువ, విటమిన్ డి కూడా తక్కువే, 8.4. డాక్టరు గారు థైరాయిడ్ మాత్ర 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి నెలన్నరకి 50 చేశారు. రోజూ కాల్షియం మాత్ర, వారానికో డి పొడి ప్యాకెట్టు. గ్యాసు మాత్ర, బీపీ మాత్ర ఎప్పటినుంచో ఉన్నాయి.

మొన్న మళ్లీ చేయిస్తే టీఎస్‌హెచ్ 13.9. ఇన్ని నెలలు వేస్తే దిగింది ఇంతేనా? ఇంకోచోట చూపిస్తే ఒకేసారి 100 చేసేయమన్నారు. తమ్ముడూ అదే అంటున్నాడు. నాకు భయం, ఎందుకంటే అమ్మకి ఇంతకుముందు గుండెకి స్టెంటు వేశారు. అమ్మేమో "ఈ వయసులో అందరికీ కాళ్లు లాగుతాయిలే, మందులన్నీ ఆపేస్తే నేనే బాగుంటా" అంటోంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ రెండూ కలిసి ఉన్నవాళ్లు ఎట్లా చూసుకుంటున్నారు?

పొదిలి_అబ్బాయి
అక్కా, ముందు ఒక్కటి చెప్పు. మాత్ర కాఫీకి ముందా, తర్వాతా?

ఒంగోలు_గిత్త
నేనూ అదే అడుగుదామని వచ్చా. మా నాయనమ్మ అయితే "కాఫీ పడందే మాత్ర గొంతు దిగదురా" అనేది. ఆమెకి ఎదురు చెప్పే మొనగాడు మా ఇంట్లో పుట్టలేదు.

కావలి_పెద్దకూతురు
ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. ఐదింటికి లేచి కాఫీ తాగుతుందంట. ఆరింటికి మాత్రలన్నీ ఒకే గుక్కలో. థైరాయిడ్, గ్యాసు, బీపీ, కాల్షియం అన్నీ కలిపి. ఆదివారం డి పొడి కూడా అప్పుడే, పాలల్లో కలుపుకుని. "అన్నీ ఒకసారి వేసుకుంటే మర్చిపోను కదమ్మా" అంది. ఏ మాత్ర ఎప్పుడో విడివిడిగా ఎవరూ చెప్పలేదంట, చీటీ మీద "పొద్దున 1" అని మాత్రమే రాసుంది.

మెడికల్_షాపు_రమణ
ఇంక వేరే కారణం వెతకబన్లేదు మేడమ్, సగం సంగతి ఇక్కడే తేలిపోయింది. నాకు కందుకూరులో మందుల షాపు, రోజూ చూసే వ్యవహారమే ఇది.

థైరాయిడ్ మాత్ర పరగడుపున, ఉత్త నీళ్లతోనే. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా కాఫీ, టీ, పాలు ఏవీ తగలకూడదు. కాల్షియానికీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. రెండూ కలిస్తే కాల్షియం దాన్ని పేగులోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి పోనివ్వదు. ఐరన్ మాత్రలూ అంతే, గ్యాసుకి తాగే తెల్ల టానిక్కులూ అంతే. పాంటాప్రజోల్ లాంటి గ్యాసు మాత్రలు వేరే రకంగా అడ్డం వస్తాయి. కడుపులో ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర సరిగా కరగదు. అట్టాగని మీరే ఆపేయొద్దు, స్టెంటు మనిషి కాబట్టి రక్తం పలచనయ్యే మాత్రలకి తోడుగా కడుపు కాపాడటానికి రాసుంటారు. "ఇంకా అవసరమా" అని డాక్టర్ని అడగండి.

మా షాపుకొచ్చే పెద్దవాళ్లకి నేను రాసిచ్చేది ఇట్టా ఉంటుంది: లేవగానే థైరాయిడ్ ఒక్కటే. గంటాగి కాఫీ. బీపీ మాత్ర టిఫిన్ దగ్గర. కాల్షియం మధ్యాహ్నం అన్నంతో, కార్బొనేటు రకం కడుపులో తిండి ఉంటేనే బాగా ఒంటబడుతుంది. డి పొడి వారంలో ఒకరోజు మధ్యాహ్నం, పప్పూ నెయ్యీ వేసుకుని తిన్నాక. అది కొవ్వులో కరిగే విటమిను, వట్టి కడుపున వేస్తే అంతగా ఎక్కదు.

ఇంకో మాట. మాత్రల డబ్బా ఎక్కడ పెడుతున్నారో చూడండి. పొయ్యి పక్కన అలమరలోనో, ఎండ పడే కిటికీలోనో పెడతారు. మన వైపు మే నెల వేడికి, తడికి ఆ మందు చెడిపోతుంది. చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే చోట పెట్టాలి. డబ్బాలో ఉండే, తడి పీల్చే చిన్న పొట్లాన్ని తీసి పారేయకూడదు.

పొదిలి_అబ్బాయి
రమణన్నా, ఈ సంగతులు బిల్లు వెనకాల అచ్చేసి ఇవ్వొచ్చు కదా ప్రతి షాపు వాళ్లూ.

మెడికల్_షాపు_రమణ
నేను స్కెచ్ పెన్నుతో డబ్బా మీదే రాస్తా తమ్ముడూ. సూర్యుడి బొమ్మ, పళ్లెం బొమ్మ, చంద్రుడి బొమ్మ. చదువు రాని వాళ్లకి అదే మేలు.

డాక్టరమ్మ_నెల్లూరు
నేను జనరల్ ఫిజీషియన్ని. మీ అమ్మగారిని చూడకుండా డోసు చెప్పను, కానీ ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తా. వేళలు సరిచేయడం, 100కి పెంచడం రెండూ ఒకేసారి చేయొద్దు.

ఇప్పుడు 50 వేస్తున్నారు కానీ ఒంటికి అందులో ఎంత చేరుతోందో తెలియదు. రేపటి నుంచి పరగడుపున వేస్తే చాలావరకు చేరడం మొదలవుతుంది. అదే రోజు 100 చేస్తే, ఇన్నాళ్లూ అరకొరగా అందిన గుండెకి హఠాత్తుగా కొన్ని రెట్లు అందినట్టు అవుతుంది. స్టెంటు ఉన్న మనిషికి అది ఛాతీ నొప్పి, గుండె దడ తెచ్చిపెడుతుంది. అందుకే పెద్దవాళ్లకి, అందులోనూ గుండె జబ్బు ఉంటే, 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పరీక్ష చేసి అంతంత చొప్పునే పెంచుతాం. మీ మొదటి డాక్టరు చేసింది సరైన పనే.

ఆరు వారాలు ఎందుకంటే, ఈ మందు సగం ఖర్చు కావడానికే వారం పడుతుంది. ఒంట్లో మట్టం నిలకడకి రావడానికీ, దాన్ని చూసి టీఎస్‌హెచ్ కదలడానికీ అంత సమయం కావాలి. మూడు వారాలకే పరీక్ష చేయించి "దిగలేదు" అని డోసు మార్చుకుంటూ పోతే ఎప్పటికీ కుదురుకోదు.

ఇంకోటి. ఆమెకి 72. పాతికేళ్ల అమ్మాయికి తెచ్చినట్టు టీఎస్‌హెచ్‌ని 2కి తేవాల్సిన పని లేదు. 70 దాటిన వాళ్లకి 4 నుంచి 6 మధ్య ఉన్నా సరిపోతుందని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014 మార్గదర్శకాల్లో రాశారు. ల్యాబు కాగితం మీద నల్లగా అచ్చయిన అంకె చూసి కంగారుపడకండి.

కావలి_పెద్దకూతురు
డాక్టరమ్మా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. 100 సంగతి పక్కనపెట్టేశా. సోమవారం మొదటి డాక్టరు గారినే కలిసి వేళల సంగతి చెప్తాం. తమ్ముడికి మీ పోస్టు పంపించా.

కోటమిట్ట_బాషా
మా అమ్మీకి కూడా థైరాయిడే. రంజాన్ నెలలో చిక్కొచ్చేది, సహరీకి లేవడం ఆలస్యమైతే మాత్రా తిండీ ఒకేసారి అయిపోతుండె. డాక్టర్ని అడిగితే రాత్రి పడుకునేటప్పుడు వేయమన్నారు, కాకపోతే తిన్నాక మూడు గంటలు గడవాలన్నారు. అప్పట్నుంచి అట్నే ఏడాది పొడవునా రాత్రే వేస్తున్నాం, టీఎస్‌హెచ్ బాగుంది. పొద్దున కాఫీ వదల్లేని వాళ్లకి ఇదొక దారి.

మెడికల్_షాపు_రమణ
రాత్రి వేయొచ్చు బాషాభాయ్, పనిచేస్తుంది. కానీ మన పల్లెల్లో పెద్దోళ్లు ఎనిమిదిన్నరకి తిని తొమ్మిదికల్లా పడుకుంటారు, మూడు గంటలు యాడొస్తాయి? పైగా రాత్రి కాల్షియం వేసే అలవాటుంటే మళ్లీ మొదటికే.

కోటమిట్ట_బాషా
మా ఇంట్లో ఏడింటికే తినేస్తారు అన్నా, పదిన్నర దాకా సీరియళ్లు. ఆ రకంగా కుదిరింది.

పెన్నగట్టు_పెద్దాయన
నాకు 74 ఏళ్లు. ఒక్క సంగతి నాకు అర్థం కాదు. నెల్లూరులో రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. ఇక్కడ పుట్టి, ఇక్కడ నడిచి, ఇక్కడే ముసలైన మనిషికి ఎండ వల్ల వచ్చే విటమిను లేదంటే ఏంది దాని అర్థం? మా నాన్న 90 ఏళ్లు బతికాడు, ఏ ప్యాకెట్టూ తాగలేదు. పొద్దున్నే ఆరింటికి డాబా మీద తిరిగితే చాలదా? ఇంతమందికి పరీక్షలు చేయించి పొడులు రాయడం నాకైతే వ్యాపారంగానే కనిపిస్తా ఉండాది.

డాక్టరమ్మ_నెల్లూరు
పెద్దాయనా, మీ ప్రశ్న న్యాయమైనదే. మీ నాన్నగారు పొలంలో చొక్కా లేకుండా మధ్యాహ్నం దాకా పనిచేసి ఉంటారు. అది వేరు, ఇప్పటి మన బతుకు వేరు.

ఒంట్లో డి తయారు కావాలంటే ఎండలోని ఒక రకం కిరణాలు చర్మానికి నేరుగా తగలాలి. ఆరింటి ఎండలో అవి నేల దాకా రావు. గాజు కిటికీ వెనక కూర్చున్నా రావు. గుర్తుకి ఒక లెక్క ఉంది: మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఆ ఎండ పనికొస్తుంది. మన వైపు మే నెలలో అయితే తొమ్మిది దాటాక అట్లా ఉంటుంది, మార్గశిర పుష్యాల్లో ఇంచుమించు పదిన్నర నుంచి ఒకటిన్నర మధ్యలో. చామనఛాయ చర్మానికి ఎక్కువసేపు కావాలి. వయసు పెరిగే కొద్దీ చర్మం ఆ పని చేసే శక్తి కూడా తగ్గుతుంది. నిండా చీర కప్పుకుని, ఇంట్లోనే ఉండే 72 ఏళ్ల ఆమెకి 8 ఉండటంలో ఆశ్చర్యం లేదు.

చలికాలంలో చేతులూ కాళ్లూ కనపడేలా కాసేపు ఎండలో కూర్చోబెట్టండి, మంచిదే. కానీ 8 నుంచి పైకి తేవడానికి అది చాలదు. ఆ పేరుతో మే నెల పదకొండింటికి పెద్దవాళ్లని ఎండలో నిలబెడితే వడదెబ్బ ఖాయం.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తా. ఏ ఇబ్బందీ లేని వాళ్లందరికీ, ప్రతి నెలా డి పరీక్ష చేయించడం వృథా ఖర్చే.

పెన్నగట్టు_పెద్దాయన
నీడ లెక్క బాగుంది అమ్మా, రేపు చూస్తా. వ్యాపారం మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఉదయగిరి_మాస్టారు
డి పొడి గురించి నేనూ చెప్పాలి. ఇది చదివి ఒక్కరు జాగ్రత్తపడినా చాలు. మా పిన్నమ్మకి 60 వేల యూనిట్ల ప్యాకెట్లు వారానికొకటి అని రాస్తే, ఇంట్లో వాళ్లు రోజుకొకటి అనుకుని నెల దాటి వేశారు. మధ్యలో నీరసంగా ఉందని ఊళ్లో ఒకాయన డి ఇంజెక్షన్ కూడా చేశాడు. తర్వాత మొదలైంది. వాంతులు, ఆగని దాహం, మలబద్ధకం, మాట తడబడటం. పక్షవాతమేమో అని నెల్లూరు పరిగెత్తారు. రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగి కిడ్నీల మీద పడిందని తేలింది. సెలైన్లు ఎక్కించి, కాల్షియం, డి పూర్తిగా ఆపించి బయట పడేశారు. ఒంట్లో కొవ్వులో చేరిపోయిన డి తొందరగా పోదంట, నెలల తరబడి రక్తపరీక్షలు చేయించాల్సి వచ్చింది.

విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అనే మాట మనసులోంచి తీసేయండి.

డాక్టరమ్మ_నెల్లూరు
మాస్టారు గారు రాసింది నూటికి నూరు పాళ్లూ నిజం. మామూలుగా 60 వేలు వారానికి ఒకటి చొప్పున 8 వారాలు, ఆ తర్వాత నెలకొకటి, లేదా డాక్టరు చెప్పినంత. మూడు నెలలకి ఒకసారి పరీక్ష. 20 దాటితే లోపం తీరినట్టే, 30 దగ్గర ఉంటే హాయి. 80, 100 తెచ్చుకోవాలని ఆరాటపడొద్దు.

"నెలనెలా ఎందుకు, ఏడాదికి సరిపడా ఒకేసారి పొడిచేయండి" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్లకి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు, 2010లో ఫలితం వచ్చింది. ఎముకలు గట్టిపడతాయనుకుంటే, మందు తీసుకున్న వాళ్లే ఎక్కువగా కిందపడ్డారు, ఎముకలు కూడా ఎక్కువగా విరిగాయి. కిడ్నీ రాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుకి చెప్పకుండా అసలు మొదలుపెట్టొద్దు.

ఆత్మకూరు_కోడలు
కావలి అక్కా, 100 చేయనందుకు సంతోషం. మా అత్తమ్మ సంగతి విను. ఆమెకి థైరాయిడ్ మాత్ర పదేళ్లుగా ఉంది. రెండేళ్ల కిందట కాళ్లలో సత్తువ లేదు, మెట్లెక్కలేను, ఒళ్లంతా నొప్పులు అని మొదలుపెట్టింది. ఎవరిదగ్గరికి పోయినా "థైరాయిడ్ ఉంది కదా, అదే" అని డోసు పెంచడమే. 75, 100, 125 దాకా పోయింది. నీరసం తగ్గలేదు సరికదా బరువు తగ్గింది, నిద్ర పట్టదు, చేతులు వణుకు, ఒకరోజు గుండె దడదడలాడి పడిపోయింది. చూస్తే గుండె లయ తప్పింది. టీఎస్‌హెచ్ 0.05!

అప్పుడు ఇంకో డాక్టరు గారు మొదటినుంచి అన్నీ చూశారు. డి 7, రక్తం కూడా తక్కువ. అసలు కాళ్ల బలహీనత దాని వల్ల. థైరాయిడ్ డోసు మెల్లగా తగ్గించి, డి, ఐరన్ ఇస్తే ఇప్పుడు గుడికి నడిచి పోతోంది. గుండె మందు మాత్రం మిగిలిపోయింది. ఒంట్లో ఒక జబ్బు పేరు రాసి ఉంటే, ఇంక ఏ బాధ చెప్పినా దాని ఖాతాలోనే వేసేస్తారు.

డాక్టరమ్మ_నెల్లూరు
ఈ పోస్టుని అందరూ రెండుసార్లు చదవాలని కోరుకుంటున్నా. థైరాయిడ్ తక్కువైనా, డి తక్కువైనా బయటికి కనిపించేవి దాదాపు ఒకటే: నీరసం, ఒళ్లు నొప్పులు, దిగులు. కొంచెం తేడా పట్టుకోవచ్చు. మలబద్ధకం, చలి ఓర్వలేకపోవడం, పొడిబారిన చర్మం, బొంగురు గొంతు, నెమ్మదించిన నాడి ఉంటే థైరాయిడ్ వైపు చూస్తాం. కింద కూర్చుని లేవలేకపోవడం, తొడల్లో సత్తువ తగ్గడం, ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే డి వైపు. పెద్దవాళ్లలో రెండూ కలిసే ఉంటాయి. వీటితో పాటు బి12, హిమోగ్లోబిన్, షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సోడియం కూడా ఒకసారి చూడాలి. కొలెస్ట్రాల్ మాత్ర వాడేవాళ్లకి థైరాయిడ్ సరిగా లేకపోతే దానివల్లా కండరాల నొప్పులు వస్తాయి.

డోసు ఎక్కువైతే గుండె లయ ఒక్కటే కాదు, ఎముకలు కూడా గుల్లబారతాయి. అంటే ఒక చేత్తో డి ఇచ్చి ఎముకలు కడుతూ, ఇంకో చేత్తో కూలగొట్టినట్టు.

కనిగిరి_వాసి
మా కనిగిరి వైపు వాళ్లకి ఇంకో సంగతి ఉంది, ఎవరూ ఎత్తలేదు. మా నాయనకి నడుము వంగదు, మెడ తిరగదు, మోకాళ్లు బిగుసుకుపోయాయి. డి 11 ఉందని పొడులు వేశాం. కొంచెం తేలిక, అంతే. చివరికి చేతుల ఎక్స్‌రే తీసి ఫ్లోరోసిస్ అన్నారు. చిన్నప్పట్నుంచి బోరు నీళ్లే తాగాడు. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి మొదట 1937లో రాసింది మన ప్రాంతం మీదే. అప్పుడిదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. పొదిలి, దర్శి, కనిగిరి ప్రకాశం కిందికి వచ్చింది 1970లో కదా.

అందుకే కనిగిరి, పామూరు, మర్రిపూడి, ఉదయగిరి వైపు పెద్దోళ్లకి కీళ్ల నొప్పులంటే ముందు ఏ నీళ్లు తాగుతున్నారో అడగండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. కాల్షియం తిండి తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుందంట.

ఉదయగిరి_మాస్టారు
బాగా గుర్తుచేశారు. మా బళ్లో పిల్లల పళ్ల మీద గార చూస్తే తెలిసిపోతుంది ఏ వీధి బోరు నీళ్లు తాగుతున్నారో.

పొదిలి_అబ్బాయి
మరి మా నాన్న సంగతి కూడా చెప్పండి డాక్టరమ్మా. 78 ఏళ్లు. ఏ బాధా లేదు, సైకిలు తొక్కుతాడు. ఏదో మొత్తం ఒంటి పరీక్ష ప్యాకేజీ అని చేయిస్తే టీఎస్‌హెచ్ 6.3, టీ4 మామూలుగానే ఉంది. మాత్ర మొదలుపెట్టమన్నారు.

ఆత్మకూరు_కోడలు
సైకిలు తొక్కే మనిషికి మాత్ర ఎందుకు తమ్ముడూ?

కోటమిట్ట_బాషా
అట్టా అనొద్దు అక్కా. మా మామకి 7 ఉన్నప్పుడే మొదలుపెట్టారు, మొదలుపెట్టాక హుషారు వచ్చింది. ముందే పట్టుకుంటే మంచిది కదా.

డాక్టరమ్మ_నెల్లూరు
మీ మామగారి వయసెంత, టీ4 ఎంత, అప్పుడు ఏం బాధలున్నాయో తెలియకుండా ఆయన సంగతి చెప్పలేను బాషా గారూ. కానీ పొదిలి తమ్ముడి నాన్నగారి లాంటి వాళ్ల మీదే యూరప్‌లో పెద్ద పరిశోధన జరిగింది, 2017లో వచ్చింది. 65 దాటి, టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి, టీ4 మామూలుగా ఉన్న 737 మందిలో సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత నీరసంలో గానీ, మిగతా లక్షణాల్లో గానీ తేడా కనపడలేదు. వయసుతో టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించండి, చాలామందికి దానంతట అదే దిగుతుంది. 10 దాటినా, టీ4 తగ్గినా అప్పుడు మాత్ర.

పొదిలి_అబ్బాయి
హమ్మయ్య. సైకిలుకి గాలి కొట్టిస్తా.

ఒంగోలు_గిత్త
ముఖ్యమైన ప్రశ్న. థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ మానేయాలంటారు, మా అమ్మ ఆ వంకతో ఇంటిల్లిపాదికీ మాన్పించింది. నిజమేనా? చేపల పులుసు జోలికి మాత్రం రావొద్దు.

డాక్టరమ్మ_నెల్లూరు
ఉడికించిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా తింటే ఏమీ కాదు. అయోడిన్ ఉప్పు వాడుతూ ఉండండి, అంతకుమించి అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు కొనుక్కుని మింగొద్దు. ఈ వయసులో థైరాయిడ్ తగ్గడానికి ఎక్కువగా కారణం అయోడిన్ లోపం కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ గ్రంథిని దెబ్బతీయడం.

చేపల పులుసు హాయిగా తినొచ్చు. కవళ్లు, కానాగంతలు లాంటి నూనె చేపల్లో డి ఉంటుంది. గుడ్డు పచ్చసొనలో కొంచెం. కాల్షియానికి రాగి సంగటి, పెరుగు, నువ్వులు.

ఒంగోలు_గిత్త
కానాగంతలు మందు కింద లెక్కే అని అమ్మకి చదివి వినిపించా. క్యాబేజీ తిరిగొచ్చింది.

ల్యాబ్_కోటేశు
శాంపిల్ తీసేవాణ్ణి, మా వైపు నుంచి కొన్ని మాటలు. ప్రతిసారీ ఒకే ల్యాబులో, పొద్దున ఇంచుమించు ఒకే వేళకి ఇవ్వండి. టీ4 కూడా చేయిస్తుంటే ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి, ముందే వేస్తే ఆ అంకె కాసేపు ఎక్కువ చూపిస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు కనీసం రెండు రోజుల ముందు ఆపి రావాలి. లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తలకిందులుగా వస్తుంది. థైరాయిడ్ తక్కువైన వాళ్లకి జుట్టు రాలుతుంది కదా, అందుకని సగం మంది బయోటిన్ వాడుతూనే ఉంటారు, అడిగితే తప్ప చెప్పరు.

మెడికల్_షాపు_రమణ
కోటేశూ, ఇది మంచి పాయింటు. బయోటిన్ మా షాపులో కూడా చీటీ లేకుండానే అడుగుతారు. ఇకనుంచి చెప్తా.

కావలి_పెద్దకూతురు
రెండు నెలల తర్వాత వస్తున్నా. చెప్పమన్నవాళ్లు చాలామంది ప్రైవేటుగా అడిగారు కాబట్టి అందరికీ ఇక్కడే.

డాక్టరు గారు 50నే ఉంచారు, వేళలు మాత్రం మార్చారు. గ్యాసు మాత్ర అవసరమేనని కొనసాగించారు. టీఎస్‌హెచ్ ఇప్పుడు 5.2. ఒక్క మైక్రోగ్రాము కూడా పెంచలేదు! ముఖం వాపు తగ్గింది, మలబద్ధకం పోయింది. గొంతు ఇంకా కొంచెం బొంగురే. డి వారం ప్యాకెట్లు అయిపోయాయి, ఇప్పుడు 27, ఇకనుంచి నెలకొకటి. తొడల్లో సత్తువ మెల్లగా వస్తోంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తోంది, పీట మీద నుంచి ఇంకా కష్టమే.

కాఫీ దగ్గర పెద్ద గొడవే అయింది. ఐదింటికి లేచి ఆరింటి దాకా కాఫీ లేకుండా ఉండనంటుంది. చివరికి తమ్ముడే దారి కనిపెట్టాడు. అమ్మకి తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూముకి లేచే అలవాటు ఉంది. మంచం పక్కనే మాత్ర, చెంబుతో నీళ్లు పెట్టుకుని అప్పుడు వేసుకుని మళ్లీ పడుకుంటుంది. ఐదున్నరకి కాఫీ రెడీ. మిగతావాటికి వారాల గళ్ల డబ్బా కొన్నాం, కానీ రమణ గారు చెప్పినట్టు థైరాయిడ్ మాత్ర దాని డబ్బాలోనే ఉంచాం. పక్కింటి అమ్మాయి మధ్యాహ్నం వచ్చి కాల్షియం గడి ఖాళీ అయిందో లేదో చూసి నాకు ఫోటో పెడుతుంది.

బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు వేయించాం, పాత దొడ్డి తీసేసి కమోడ్ పెట్టించాం. 

ఆత్మకూరు_కోడలు
5.2! ఎంత మంచి కబురు అక్కా. 100 వేసుంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె జారుతోంది.

పెన్నగట్టు_పెద్దాయన
నీడ కొలిచి చూశా అమ్మా. డాక్టరమ్మ చెప్పింది నిజమే, ఆరింటికి నా నీడ వీధి చివరిదాకా ఉండాది. మా ఇంటావిడకి లేవడానికి కష్టంగా ఉంటే డి చేయించా, 12 వచ్చింది. వారానికొక పొడి మొదలుపెట్టాం. మధ్యాహ్నమే, తిన్నాక.

డాక్టరమ్మ_నెల్లూరు
సంతోషం పెద్దాయనా. ఆమెకి కిడ్నీ పరీక్ష, కాల్షియం కూడా చూశారు కదా?

పెన్నగట్టు_పెద్దాయన
చూశారు, రెండూ బాగానే ఉండాయి.

కావలి_పెద్దకూతురు
ఇంకొక్క సందేహం. శ్రావణం దాటాక అమ్మ కొన్నాళ్లు తమ్ముడి దగ్గర బెంగళూరులో ఉంటుంది. అక్కడ ఇదే కంపెనీ మాత్ర దొరక్కపోతే వేరేది వేయొచ్చా?

మెడికల్_షాపు_రమణ
వీలైనంత వరకు ఒకటే కంపెనీది వాడండి. అన్నింట్లో మందు ఒకటే అయినా ఒంటికి పట్టడంలో రవంత తేడా ఉంటుంది. తప్పనిసరై మార్చితే ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చేయించండి. అంతకంటే పోయేటప్పుడే రెండు డబ్బాలు తీసుకుపోండి, గడువు తేదీ చూసుకుని. డోసు అంకె కూడా డబ్బా మీద చదివి తీసుకోండి. 12.5, 25, 125 పేర్లు పలికేటప్పుడు కలిసిపోతాయి.

డాక్టరమ్మ_నెల్లూరు
బెంగళూరు చలికి ఇంకోటి గుర్తుపెట్టుకోండి. జ్వరమో, ఛాతీలో నెమ్మో వచ్చినప్పుడు అమ్మగారు విపరీతంగా మగతగా ఉండి, ఒళ్లు చల్లబడి, పిలిచినా సరిగా పలక్కపోతే ఇంట్లో ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి. థైరాయిడ్ తక్కువైన పెద్దవాళ్లలో అది ప్రాణాపాయం. ఒక రోజు మాత్ర మర్చిపోతే మాత్రం ఏమీ కాదు. అయినా మాత్రలు మానేయొద్దని తమ్ముడి భార్యకి కూడా చెప్పి ఉంచండి. అమ్మ చెప్పే "బాగానే ఉన్నాలే"ని నమ్మి ఆపేసేది ఎక్కువగా ఊరు మారినప్పుడే.

కావలి_పెద్దకూతురు
మరదలికి ఈ చర్చ మొత్తం పంపిస్తున్నా డాక్టరమ్మా. రమణ గారూ, డబ్బా మీద బొమ్మలు వేసిన ఫోటో ఒకటి ఇక్కడ పెడతారా? అక్కడ వంటమనిషికి తెలుగు రాదు.

మెడికల్_షాపు_రమణ
రాత్రికి షాపు కట్టేశాక పెడతా మేడమ్.